ఏడడుగుల కవచం.. లోపల ఐదడుగుల నేను!

మాదాపూర్, కొండాపూర్ వైపు ఉద్యోగం చేసేవాళ్లకి హైటెక్స్ కొత్తేమీ కాదు. ఒక వారం ఫ్లాట్లు అమ్మేవాళ్ల ఎక్స్‌పో, ఇంకో వారం నగల ప్రదర్శన, ముహూర్తాలుంటే ఏ పెద్దింటివాళ్ల రిసెప్షనో. ఆఫీసు క్యాబ్‌లో ఆ కమాన్ దాటుతూ ‘ఈరోజు ట్రాఫిక్ ఎందుకుందబ్బా’ అనుకోవడమే తప్ప, లోపలికి వెళ్లాలని మనకి పెద్దగా అనిపించదు.

ఏడాదికి ఒక్కసారి మాత్రం ఆ కమాన్ కింద నడిచే జనం వేరు. గులాబీ జుట్టు, నీలం జుట్టు, వీపున అట్టముక్కలతో చేసిన నిలువెత్తు కత్తి, నల్ల కోటు మీద ఎర్ర మబ్బులు. హైటెక్ సిటీ మెట్రో దిగి షేర్ ఆటో కోసం నిలబడ్డ నరుటోని చూసి ఆటో అన్న ‘యాడ షూటింగు?’ అని అడుగుతాడు. షూటింగ్ కాదన్నా, కామిక్ కాన్!

మన దేశంలో మొదటి కామిక్ కాన్ 2011లో ఢిల్లీ హాట్‌లో జరిగింది. 2013లో హైదరాబాద్‌కి వచ్చింది. పేరులో కామిక్స్ ఉన్నాయి గానీ, లోపలికెళ్లి చూస్తే సగం జనం యానిమే పిల్లలే. మన తరం ఎట్లా పెరిగిందో గుర్తుంది కదా! స్కూల్ నుంచి రాగానే బ్యాగు విసిరేసి పోకెమాన్, డోరేమాన్, షిన్‌చాన్. జపాన్ వాడి రామాయణం యానిమే టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. యుగో సాకో, కోయిచి ససాకి, మన రామ్ మోహన్ కలిసి తీసిన సినిమా అది. ఎన్నో ఏళ్ల తర్వాత 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకొచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ కూడా తెలుగులోనే థియేటర్‌లో చూశాం. ఈ ఇష్టం పైనుంచి ఊడిపడలేదు, మనతోపాటే పెరిగింది.

ఇక కాస్‌ప్లే. కాస్ట్యూమ్, ప్లే.. ఈ రెండు మాటల్నీ కలిపి 1980లలో నొబుయుకి తకహాషి అనే జపాన్ ఆయన ఈ పేరు పెట్టాడు. నాకు మాత్రం ఆ మాటకి తెలుగు వెతుక్కునే పని పడలేదు. మాది తిరుపతి. మా ఊళ్లో దాన్ని వేషం కట్టడం అంటారు.

మొహం కనపడకూడదు!

మేం నలుగురం. ముగ్గురమ్మాయిలం కొండాపూర్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. నాలుగోవాడు మా టీమ్‌లో టెస్టింగ్ చేస్తాడు. ఒకళ్లనొకళ్లం ఊళ్ల పేర్లతోనే పిలుచుకుంటాం. బెజవాడ, ఖమ్మం, వరంగల్, తిరుపతి. ఆర్టీసీ బస్టాండ్ అనౌన్స్‌మెంట్ లాగా ఉంటుంది మా ఇల్లు. రెండేళ్లు టిక్కెట్ కొనుక్కుని ఊరికే తిరిగొచ్చాం. ఈసారి పోటీకి దిగుదామని బెజవాడ తేల్చేసింది.

విషయం ఇంట్లో చెప్పాను. మా అమ్మకి కాస్‌ప్లే అంటే అర్థం కాలేదు కానీ, ‘ఫొటోలు తీస్తారు’ అన్నది మాత్రం వెంటనే అర్థమైంది.

‘‘నెట్టులో పెడతారా?’’

‘‘పెడతారు.’’

‘‘సంబంధాలు చూస్తా ఉండామని తెలుసు కదా. ఎవురన్నా చూసి ఏమనుకుంటారు? మొహం కనపడకుండా ఏమన్నా ఏసుకుంటే ఏసుకో. కనపడేదైతే వద్దు.’’

మా ఇంటి హాల్లో గోడకి ఒక ఫొటో ఉంది. అందులో మా నాయన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, మొహమంతా పసుపు పూసుకుని, జడ వేసుకుని, మెడలో నిమ్మకాయల దండతో నిలబడి ఉంటాడు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో తీసింది. నాకు మూడేళ్లప్పుడు జ్వరం తగ్గక ఆస్పత్రిలో ఉంటే, తగ్గితే వేషం కడతానని మొక్కుకున్నాడట. అప్పట్నుంచి ఏటా కడుతూనే ఉన్నాడు. ఇంటికి ఎవరొచ్చినా అమ్మే ఆ ఫొటో చూపిస్తుంది.

‘‘నాయన చీర కట్టుకుంటే గోడకి తగిలిస్తావు. నేను కవచం వేసుకుంటే సంబంధం తప్పిపోతుందా?’’ అని అడిగాను.

‘‘అది మొక్కు. ఇది పోటీ. రెండూ ఒకటేనా?’’ అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆమె అన్నది పూర్తిగా తప్పనీ అనలేను.

సరే, మొహం కనపడకూడదు. ఆ ఒక్క షరతు పెట్టుకుని వెతికితే నాకు దొరికినవాడు ఆల్ఫాన్స్ ఎల్రిక్.

ఖాళీ కవచం కథ

‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇద్దరన్నదమ్ములు. చనిపోయిన తల్లిని బతికించుకోవాలని చెయ్యకూడని విద్య ప్రయోగిస్తారు. అన్న ఎడ్వర్డ్‌కి కాలు పోతుంది. తమ్ముడు ఆల్ఫాన్స్‌కి ఒళ్లంతా పోతుంది. అన్న తన చెయ్యి కూడా ఇచ్చేసి, తమ్ముడి ప్రాణాన్ని మూలనున్న ఒక పాత ఇనుప కవచానికి కట్టేస్తాడు. అప్పట్నుంచి ఆ కవచమే తమ్ముడు. చూడ్డానికి రాక్షసుడిలా ఉంటాడు, మాట్లాడితే చిన్నపిల్లాడి గొంతు. హెల్మెట్ తీస్తే లోపల ఎవరూ ఉండరు.

2001 నుంచి 2010 దాకా మాంగాగా వచ్చిన ఈ కథ రాసి, గీసిన మనిషి పేరు అరకావా హిరోము. ఆవిడ హొక్కైదోలో పాడి పశువులున్న రైతు కుటుంబంలో పుట్టింది. అసలు పేరు హిరోమి. మగపిల్లలు చదివే పత్రికలో రాస్తూ, మగవాళ్ల పేరులా వినిపించేలా హిరోము అని పెట్టుకుంది. అంటే కవచం లోపల ఉన్నది నేనొక్కదాన్నే కాదన్నమాట!

చిక్కేంటంటే ఆల్ఫాన్స్ తాటిచెట్టంత ఉంటాడు. నేను సరిగ్గా ఐదడుగులు.

‘‘నువ్వు వాడి మోకాలికి సరిపోతావే’’ అంది బెజవాడ. తనూ నా అంతే ఉంటుంది, అందుకే అన్న ఎడ్వర్డ్ వేషం తను తీసుకుంది. పొట్టి అంటే ఎడ్వర్డ్‌కి ఒళ్లు మండుతుంది. బెజవాడకీ అంతే.

దారి చూపించింది వరంగల్. ‘‘తల హెల్మెట్లో ఎందుకు పెడ్తవ్? ఛాతిల పెట్టు’’ అన్నాడు. వింటే తిక్కగా ఉంది, కాగితం మీద గీస్తే లెక్క కుదిరింది. కాళ్ల కింద నాలుగంగుళాల మందాన ఫోమ్ చెప్పులు. నా తల కవచం ఛాతీ పైభాగంలో ఉంటుంది. కళ్ల ముందు కాలర్ దగ్గర నల్లటి నెట్. దానిపైన మెడ, హెల్మెట్ కలిపి అడుగున్నర. మొత్తం దాదాపు ఏడడుగులు. పైగా హెల్మెట్ తీస్తే నిజంగానే లోపల ఎవరూ ఉండరు!

రాణిగంజ్‌లో మాకు దొరికిన విద్య

కాస్‌ప్లే అంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవడమే అనుకునేవాళ్లు ఒకసారి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాలి. రబ్బరు, ఫోమ్, మడతబందులు, మెషీన్ల సామాన్లు.. వరసగా అవే షాపులు. ఈవా ఫోమ్ అంటే కొందరికి తెలియదు. ‘యోగా మ్యాట్ లాంటిది, కాస్త గట్టిగా ఉండేది’ అంటే వెంటనే తీసిచ్చారు. పది మిల్లీమీటర్లది ఛాతీకి, భుజాలకి. ఐదు మిల్లీమీటర్లది చేతులకి, అంచులకి. గుడ్డలకి జనరల్ బజార్. పెయింట్లు, బ్రష్షులు కోఠిలో. అన్నీ కలిపి తొమ్మిది వేల చిల్లర అయింది. నలుగురం పంచుకున్నాం.

పని ఇలా ఉంటుంది. ముందు పాత న్యూస్‌పేపర్లతో ఒంటికి కొలత కట్టి, ఆ ముక్కల్ని ఫోమ్ మీద పెట్టి గీయాలి. అంచుల్ని ఏటవాలుగా కొయ్యాలి, అప్పుడే రెండు ముక్కలు కలిసినచోట మూల సరిగ్గా తిరుగుతుంది. రబ్బరు గమ్ రెండువైపులా పూసి, పది నిమిషాలు ఆగి, వేలికి అంటుకోనప్పుడు అతికించాలి. ఒకసారి అతికితే ఇక ఊడదు. తర్వాత హీట్ గన్. వేడి తగలగానే ఫోమ్ మీద రంధ్రాలు మూసుకుపోయి నున్నగా అవుతుంది, మెత్తబడినప్పుడు వంచితే ఆ వంపు అలాగే నిలబడుతుంది. ఆ తర్వాత చెక్క గమ్ నీళ్లలో కలిపి నాలుగు పూతలు. దాని మీద నలుపు, నలుపు మీద వెండి రంగు పొడి బ్రష్షుతో రుద్దడం. చివర్లో మూలల్లో కాస్త మట్టి రంగు. కొత్త ఇనుములా మెరిసిపోతే ఎవరూ నమ్మరు. తుప్పు, గీతలు ఉంటేనే ఇనుము.

వాసన పడక ఈ పనంతా బాల్కనీలోనే చేశాం. అవి వినాయక చవితి రోజులు. ఎదురు ఫ్లాట్ ఆంటీ రోజూ చూసి చూసి, ‘‘ఏం గణపతమ్మా ఇది? తొండం ఇంకా పెట్టలేదా?’’ అని అడిగింది.

అసలు ఇంజినీరింగ్ అంతా హెల్మెట్‌లో ఉంది. కవచం చేతులు నా చేతులకన్నా పొడుగు. నా వేళ్లు దాని మోచేతి దాకానే వస్తాయి, అక్కణ్నుంచి లోపల పుల్ల పట్టుకుని కదపాలి. మరి హెల్మెట్ తీసేదెట్లా? వరంగల్ ఒక పాత సైకిల్ బ్రేక్ పట్టుకొచ్చాడు. హెల్మెట్ వెనక తలుపు మడతబందు, దానికి బ్రేకు తీగ, నా పిడికిట్లో బ్రేకు పిడి. నొక్కితే హెల్మెట్ వెనక్కి వాలాలి. మెడ కన్నంలో నల్ల వెల్వెట్ గుడ్డ పరిచాం. పైనుంచి చూసేవాళ్లకి చీకటి తప్ప ఏమీ కనపడదు. ఇంట్లో పదిసార్లు నొక్కితే ఏడుసార్లు వాలింది.

‘‘సెవెంటీ పర్సెంట్ పాస్. ప్రొడక్షన్‌కి పంపియ్యొచ్చు’’ అన్నాడు టెస్టింగ్ మనిషి. అందుకే మా యాప్ అలా ఉంది మరి!

నాయన చెప్పిన సూత్రాలు

కవచం వేసుకుని పది నిమిషాలు నిలబడేసరికి నాకు ఊపిరాడలేదు. కంప్యూటర్ లోపల ఉండే బుల్లి ఫ్యాన్లు రెండు, ఒక పవర్ బ్యాంక్ పెట్టాం. అయినా ఉక్కపోతే. ఆ రాత్రి నాయనకి ఫోన్ చేశాను. మే నెల తిరుపతి ఎండలో పట్టుచీర, పూసలు, పసుపుతో రోజంతా తిరిగిన మనిషి కదా.

‘‘ఏసం కట్టకముందే నీళ్లు తాగల్ల. కట్టినంక తాగితే లాభంల్యా’’ అని మొదలుపెట్టాడు. ‘‘ముందురోజు రాత్రి తేలిగ్గా తిను. లోపల నూలు బనీను ఏసుకో, ఇంగ దేన్నీ నమ్మద్దు. మెడెనకాల తడిగుడ్డ పెట్టుకో. పరిగెత్తద్దు. ఒక మనిషి నీ పక్కనే ఉండల్ల, చెయ్యి ఇడవకూడదు. కండ్లు తిరిగితే సిగ్గుపడకుండా ఇప్పెయ్.’’

కాస్‌ప్లే గురించి నేను చూసిన వీడియోలన్నీ చెప్పింది ఇదే. పక్కనుండే మనిషిని వాళ్లు హ్యాండ్లర్ అంటారు, అంతే తేడా.

గంగమ్మ జాతర మీలో చాలామందికి ‘పుష్ప 2’లో చూసి తెలిసుంటుంది. మా ఊళ్లో చెప్పుకునే కథ ఇది. ఆడవాళ్లని చెరబట్టే పాలెగాడు ఒకడుండేవాడు. వాణ్ని చంపడానికి పుట్టిన గంగమ్మకి భయపడి దాక్కున్నాడు. అమ్మవారు రోజుకో వేషంలో వెతికింది. బైరాగి, బండ, తోటి.. చివరికి దొర వేషం కట్టేసరికి దొరగారొచ్చారనుకుని బయటికొచ్చి దొరికిపోయాడు. అందుకే జాతర రోజుల్లో ఇప్పటికీ ఆ వేషాలన్నీ కడతారు. మగవాళ్లు చీరలు కట్టుకుని బజారులో నడుస్తుంటే ఎవరూ నవ్వరు, దణ్ణం పెడతారు. చిన్నప్పుడు నాకు అదేమీ వింతగా అనిపించలేదు. హైదరాబాద్ వచ్చాక, జాతర ఫొటో చూసి ఒకళ్లు పగలబడి నవ్వినప్పుడే ఇది బయటివాళ్లకి వింత అని తెలిసింది.

సారీ ఎవరికి చెప్పాలి?

నవంబరు శనివారం ఉదయం. కవచం క్యాబ్‌లో పట్టదు, ట్రాలీ ఆటో మాట్లాడాం. ఛాతీ ముక్కని పట్టుకుని నేను వెనక కూర్చున్నాను.

‘‘గిదెవలు తొడుగుతరు మేడం?’’ డ్రైవర్ అన్న అడిగాడు.

‘‘నేనే అన్నా.’’

అద్దంలోంచి ఒకసారి నన్ను, ఒకసారి కవచాన్ని చూశాడు. ‘‘అగో.. మీరు దీంట్ల తప్పిపోతరేమో’’ అన్నాడు.

గేటు దగ్గర కత్తులు, కర్రలు అన్నీ పరీక్షిస్తారు. నిజం ఆయుధాలు, పదునైన ఇనుము కుదరవు. మాది ఫోమ్ కాబట్టి ఇబ్బంది లేకపోయింది. కవచం తొడగడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇక అడుగులు.

లోపల చల్లటి పెద్ద హాలు. ఒకవైపు బొమ్మలు, టీషర్టులు, పుస్తకాల స్టాళ్లు. ఇంకోవైపు బల్లలు వేసుకుని సొంతంగా గీసిన బొమ్మలమ్మే ఆర్టిస్టులు. జేబులో డబ్బులుంటే అక్కడే ఖర్చు పెట్టండి, మంచి స్టిక్కర్లు అక్కడే దొరుకుతాయి. గేమింగ్ దగ్గర గోల. ఎటు చూసినా ‘డీమన్ స్లేయర్’ తాంజిరో పచ్చ గళ్ల కోట్లు, కళ్లకి గంతలు కట్టుకున్న గోజోలు, గడ్డి టోపీల లూఫీలు. మధ్యలో బాహుబలి కవచంలో ఒకాయన. ఆయనా నేనూ ఎదురుపడితే జనం దారి వదిలి ఫోన్లు తీశారు. సిగ్నల్ దగ్గర రెండు లారీలు ఎదురైనట్టు ఎవరు పక్కకి జరగాలో మాకు తెలియలేదు.

నెట్ సందులోంచి నాకు కనిపించేది జానెడు ప్రపంచం. వినిపించేది మాత్రం అంతా. ‘‘బ్రో, ఒక ఫొటో!’’ ‘‘అన్నా, అదిరింది!’’ ‘‘భాయ్, ఎంత బరువు?’’ గంటసేపట్లో నేను వందసార్లు బ్రోనయ్యాను. ఒకడు నిజం ఇనుమేమోనని ఛాతీ మీద దబదబా కొట్టాడు. ‘‘అడిగి ముట్టుకో అన్నా, లోపల మనిషుంది’’ అని బెజవాడ అరిచింది.

ఇంకొకటి కూడా గమనించాను. రద్దీలో నడిచేటప్పుడు మోచేతులు అడ్డం పెట్టుకోవడం, బ్యాగు ముందుకి తగిలించుకోవడం నాకు ఎప్పుడు అలవాటయ్యాయో గుర్తులేదు. ఆరోజు అవేవీ లేవు. చేతులు చాపి, కాళ్లు ఎడంగా వేసి, హాలు మధ్యలోంచి నడిచాను. జనమే జరిగారు. ఇరవై ఏడేళ్లలో అలా నడవడం అదే మొదటిసారి.

అదే హాల్లో, నాకు నాలుగడుగుల దూరంలో ఖమ్మానికి వేరే రోజు నడుస్తోంది. తను నెజుకో వేషంలో ఉంది. గులాబీ కిమోనో, నోట్లో వెదురు బొంగు. అడిగి ఫొటో తీసుకున్నవాళ్లు చాలామందే. ఒకడు మాత్రం అడగలేదు. వెనకే తిరుగుతూ, ఫోన్ కిందికి పెట్టి వీడియో తీస్తున్నాడు. ఖమ్మం బొంగు తీసేసి గట్టిగా అరిచింది. చుట్టూ సంగీతం హోరు, ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

పరిగెత్తద్దన్నాడు నాయన. పరిగెత్తలేదు. మూడడుగులు వేసి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. అంతే. ఏమీ అనలేదు. ఆ అబ్బాయి తలెత్తి హెల్మెట్ వైపు చూశాడు.

‘‘సారీ బ్రో’’ అన్నాడు. నాతో!

‘‘బ్రోకి కాదు, ఆమెకి చెప్పు’’ అన్నాడు వరంగల్. ఈలోపు వాలంటీర్ వచ్చింది. ఫోన్‌లో ఆ వీడియో తీసేయించి, అతణ్ని బయటికి తీసుకెళ్లారు. కాస్‌ప్లే వేసుకున్నంత మాత్రాన ఫొటోకి ఒప్పుకున్నట్టు కాదు, ముట్టుకోవడానికి అసలే కాదు. ప్రపంచంలో ఎక్కడ కాన్ జరిగినా ఇదే మొదటి నియమం. ఖమ్మం నీళ్లు తాగి, ఐదు నిమిషాలు గోడకి ఆనుకుని కూర్చుని, బొంగు మళ్లీ నోట్లో పెట్టుకుంది. ‘‘టిక్కెట్ డబ్బులు నేను కూడా పెట్టిన. వాని కోసం ఇంటికి పోవాల్నా?’’ అంది. ఆరోజు పోటీలో నాకు ఎవరైనా ప్రైజు ఇమ్మని ఉంటే తనకే ఇచ్చేదాన్ని.

బ్రేకు పడింది!

పోటీకి ముందే పేరు నమోదు చేసుకోవాలి. కామిక్స్, యానిమే, సినిమా, గేమింగ్ అంటూ విభాగాలుంటాయి. జడ్జీలు వేషాన్ని దగ్గర్నుంచి చూస్తారు. ఏం వస్తువు వాడావు, ఎంత నువ్వు చేశావు, ఎంత కొన్నావు.. అన్నీ అడుగుతారు. ఫోన్లో తయారీ ఫొటోలు ఉంచుకుంటే చాలా ఉపయోగం. ఎవరి పని ఎంతో ఉన్నదున్నట్టు చెప్పాను. మెకానిజం వరంగల్‌ది, రంగులు ఖమ్మం వేసింది, నడుముకి వేలాడే గుడ్డ మా అమ్మ కుట్టి కొరియర్‌లో పంపింది. ‘ఏందిది, గోచీనా?’ అని అడిగింది గానీ, అంచు మాత్రం చక్కగా మడిచి కుట్టింది.

జడ్జి ఒకావిడ నా మోకాళ్ల దగ్గర వంగి చూసి, ‘‘పిక్కల వెనక అతుకు కనిపిస్తోంది’’ అంది. నిజమే. తర్వాత హెల్మెట్ వైపు చూసి, ‘‘ఇంతకీ నువ్వెక్కడున్నావ్?’’ అని అడిగింది. కాలర్ నెట్ మీద లోపల్నుంచి వేలితో తట్టాను. ఆవిడ ఒక అడుగు వెనక్కేసి నవ్వేసింది.

స్టేజి ఎక్కడానికి ముందు వేడికి ఎడమ భుజం గమ్ వదిలేసింది. వరంగల్ రిపేరు సంచిలోంచి టేపు తీసి చుట్టేశాడు. మెట్లు ఒక్కొక్కటీ బెజవాడ చెబుతుంటే ఎక్కాను. లైట్ల వెలుగులో నెట్ బయట ఏమీ కనపడలేదు, జనం హోరొక్కటే. మధ్యకొచ్చి నిలబడ్డాను. బ్రేకు నొక్కాను. కదల్లేదు.

పదింట్లో మూడు. నాకు గుర్తుంది.

ఒక ఊపిరి తీసుకుని, పట్టు సడలించి, మళ్లీ నొక్కాను. హెల్మెట్ మెల్లగా వెనక్కి వాలింది. ఖాళీ మెడ. ఒక్క క్షణం హాలంతా నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా కేక. నా చెవుల్లో కాదు, ఫోమ్ మొత్తంలో మోగింది ఆ అరుపు.

యాంకర్ మైకు హెల్మెట్ దగ్గర పెట్టబోయి, అక్కడ తల లేదని గుర్తొచ్చి తికమకపడ్డాడు. ‘‘బ్రో, నీ పేరేంటి?’’ అన్నాడు. ఛాతీలోంచి నా గొంతుతో చెప్పాను. అమ్మాయి గొంతు! మళ్లీ కేక. ఆల్ఫాన్స్ గొంతూ సన్నగానే ఉంటుంది కదా, పాత్ర చెడలేదు.

ప్రైజు రాలేదు. మా విభాగంలో గెలిచినమ్మాయి రెక్కలు నేనూ దగ్గర్నుంచి చూశాను. ఒక్కో ఈక విడిగా కోసి, రంగేసి, అతికించింది. మా పిక్కల అతుకుతో పోలిక లేదు. మేం నలుగురం నిలబడి చప్పట్లు కొట్టాం. ఆవిడ మాకు కార్డు ఇచ్చి, అతుకు కనపడకుండా పూడ్చడానికి ఏం వాడాలో చెప్పింది. కాన్‌లో నాకు బాగా నచ్చేది ఇదే. పోటీదారు దగ్గరే పాఠం నేర్చుకోవచ్చు.

గోడ మీద జాగా

కవచం విప్పేముందు వరంగల్ ఒక ఫొటో తీశాడు. హెల్మెట్ వెనక్కి వాలి ఉంది. నెట్ పక్కకి తీసేసి, కాలర్ సందులోంచి నా మొహం బయటపెట్టాను. జుట్టంతా చెమట, బుగ్గ మీద నల్ల రంగు. అందరికీ పెట్టేముందు అమ్మకి పంపాను. ‘ఇది పెట్టనా?’ అని కింద రాశాను.

నీలం గీతలు పడ్డాయి. పావుగంట సమాధానం లేదు. తర్వాత ఫోన్ మోగింది.

‘‘ఎంతసేపున్నావు దాంట్లో?’’

‘‘మూడు గంటలు.’’

‘‘బనీను ఏసుకున్నావా?’’

‘‘ఏసుకున్నా.’’

అవతల నాయన ఏదో అంటున్నాడు. ‘‘కాళ్లు నొస్తా ఉంటే ఉప్పునీళ్లలో పెట్టుకోమను’’ అని వినిపించింది. అమ్మ కాసేపాగి, ‘‘పెట్టుకో. ఆ చిత్తూరు సంబంధమోళ్లకి నేనే చూపిస్తా’’ అంది.

‘‘నువ్వేనా?’’

‘‘వద్దనేటోళ్లయితే ఇప్పుడే వద్దంటారు గదా. పెండ్లయినంక తెలిసి సాధించేదాని కంటే నయం.’’

మా అమ్మ డిగ్రీ చదవలేదు. కానీ ఇంత సూటిగా లెక్క కట్టేవాళ్లని మా ఆఫీసులో నేనింకా చూడలేదు. చిత్తూరువాళ్లు ఏమన్నారో ఇంకా తెలియదు. ఏమన్నా ఫర్వాలేదు అనిపించింది మాత్రం ఆ ఫోన్ పెట్టేశాకే.

మీరూ వెళ్తారా?

మొదటిసారైతే వేషం లేకుండానే వెళ్లి చూడండి. వేషం వేస్తే చిన్నదాంతో మొదలెట్టండి, నల్ల కోటు కూడా వేషమే. చెప్పులు మెత్తగా ఉండాలి, హాలు చాలా పెద్దది. నీళ్లు, పవర్ బ్యాంక్, గమ్, టేపు, సూదీదారం సంచిలో ఉంచుకోండి. బరువైన వేషమైతే పక్కన ఒక మనిషి తప్పనిసరి. పార్కింగ్ గొడవ పడకుండా మెట్రోలో రండి, అక్కణ్నుంచి ఆటో. ఎవరిని ఫొటో తీయాలన్నా ముందు అడగండి. వాళ్లు కాదంటే నవ్వి ముందుకెళ్లండి. అడిగితే దాదాపు ఎవరూ కాదనరు. పోజు పెట్టడానికేగా రెండు నెలలు కష్టపడింది!

మా కవచం ఇప్పుడు బాల్కనీలోనే నిలబడి ఉంది. ఒక భుజం మీద బెజవాడ టవల్ ఆరేస్తోంది. మొన్న ఎదురు ఫ్లాట్ ఆంటీ మళ్లీ ఆగి, ‘‘నిమజ్జనం ఎప్పుడమ్మా?’’ అని అడిగింది.

‘‘దీనికి నిమజ్జనం లేదాంటీ. పిక్కలు మార్చి మళ్లీ వచ్చే ఏడు తీసుకెళ్తాం’’ అన్నాను.